కమాండర్ బాండ్ అసలు ఏ షిప్పు మీద పనిచేశాడు? నాకు తెలిసింది రాస్తున్నా

ప్రశ్న చూశానండి. జేమ్స్ బాండ్ ని సినిమాల్లో కమాండర్ బాండ్ అంటారు, రెండు మూడు చోట్ల నేవీ యూనిఫామ్ లో కూడా కనపడతాడు, మరి ఆయన ఏ షిప్పు మీద చేశాడు, సబ్‌మెరైన్ కమాండరా, నేవీ వాడు ఎమ్ఐ6 లోకి, అంటే బ్రిటిష్ సీక్రెట్ సర్వీసులోకి ఎలా వచ్చాడు అని అడిగారు. నాకంటే ముందు రాసిన ఒకాయన సబ్‌మెరైన్ కమాండరే అని బల్ల గుద్ది మరీ చెప్పారు. నేను నేవీలో చేసి రిటైరై విశాఖలోనే ఉండిపోయిన వాణ్ణి, బాండ్ నవలలు సర్వీసులో ఉన్నప్పట్నుంచీ మళ్ళీ మళ్ళీ చదువుతున్నవాణ్ణి, అందుకని కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక చేసుకుని చదవండి.

ముందు సూటిగా జవాబు. ఇయాన్ ఫ్లెమింగ్ నవలల ప్రకారం బాండ్ ఏ షిప్పుకీ కెప్టెన్ గా చెయ్యలేదు, సబ్‌మెరైన్ అసలే లేదు. ఆయన సర్వీసు వివరాలు రాసిన చోట ఒక్క షిప్పు పేరు కూడా ఉండదు. ఆయనకి ఉన్నది రాయల్ నేవల్ వాలంటీర్ రిజర్వ్ లో, అందులోనూ స్పెషల్ బ్రాంచ్ లో ర్యాంకు. అంటే ఆఫీసులో కూర్చుని చేసే రహస్య పనికి తగిలించిన నేవీ ర్యాంకు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే కాగితం మీద కమాండర్. ఇది బాండ్ ని తక్కువ చెయ్యడానికి అనట్లేదు, నన్నడిగితే ఆ క్యారెక్టర్ లో అసలు మజా అంతా అక్కడే ఉంది, ఎందుకో చెప్తా.

ఈ వాలంటీర్ రిజర్వ్ అంటే ఏంటో తెలియకపోతే మిగతాది అర్థం కాదు. అప్పట్లో బ్రిటిష్ నేవీలో ఆఫీసర్లు మూడు రకాలు. చిన్నప్పుడే డార్ట్‌మత్ కాలేజీలో చేరి జీవితమంతా నేవీలోనే ఉండే రెగ్యులర్లు ఒకళ్ళు. మర్చంట్ నేవీలో చేస్తూ యుద్ధం వస్తే పిలవగానే వచ్చే రాయల్ నేవల్ రిజర్వ్ వాళ్ళు రెండో రకం, వీళ్ళకి సముద్రం కొట్టిన పిండి. మూడో రకం ఈ వాలంటీర్ రిజర్వ్, 1903 లో పెట్టారు, ఇందులో లాయర్లు, జర్నలిస్టులు, బ్యాంకు వాళ్ళు, సొంత పడవ ఉండి సరదాగా సెయిలింగ్ చేసుకునేవాళ్ళు, ఇలాంటి సివిలియన్లు ఉండేవాళ్ళు. నేవీలో వీళ్ళ మీద ఒక పాత జోకు ఉంది, రిజర్వ్ వాళ్ళు జెంటిల్మెన్ అవుదామని చూసే నావికులు, వాలంటీర్ రిజర్వ్ వాళ్ళు నావికులు అవుదామని చూసే జెంటిల్మెన్, రెగ్యులర్ నేవీ వాళ్ళు ఈ రెండూ కాకుండా రెండూ అవుదామని చూసేవాళ్ళు అని.

చొక్కా చెయ్యి చూస్తే చాలు ఎవరు ఏ రకమో తెలిసిపోయేది. రెగ్యులర్ ఆఫీసరుకి బంగారు రంగు పట్టీలు తిన్నగా ఉంటాయి, రిజర్వ్ వాళ్ళకి ఒకదాంట్లో ఒకటి అల్లినట్టు ఉంటాయి, వాలంటీర్ రిజర్వ్ వాళ్ళకి మాత్రం అలల్లాగా వంకర్లు తిరిగి ఉంటాయి, అందుకే వీళ్ళని వేవీ నేవీ అని ఏడిపించేవాళ్ళు. కమాండర్ అంటే అలాంటి పట్టీలు మూడు, ఆర్మీలో లెఫ్టినెంట్ కల్నల్ తో సమానం. స్పెషల్ బ్రాంచ్ అయితే ఆ పట్టీల మధ్యలో ఆకుపచ్చ గుడ్డ ఉంటుంది. కళ్ళు సరిగ్గా కనపడక డెక్ మీద పనికిరానివాళ్ళు, రాడార్ తెలిసినవాళ్ళు, ఇంటెలిజెన్స్ వాళ్ళు, ఇలాంటి వాళ్ళంతా ఆ ఆకుపచ్చ కిందకొస్తారు. అంటే 1945 లో బాండ్ యూనిఫామ్ వేసుకుని పోర్ట్స్‌మత్ లో నడుచుకుంటూ వెళ్తుంటే, ఎదురొచ్చిన మామూలు సెయిలర్ కూడా ఆ చెయ్యి చూసి సెల్యూట్ కొట్టి, ఓహో ఈయన బ్రిడ్జి మీద నిలబడి షిప్పు నడిపే మనిషి కాదు అని మనసులో అనుకునేవాడు. సినిమాల్లో బాండ్ చేతికి ఆ వంకర పట్టీలూ ఉండవు, ఆ ఆకుపచ్చా ఉండదు, దాని సంగతి తర్వాత చెప్తా.

ఇప్పుడు బాండ్ సర్వీసు రికార్డు. ఇది దొరికేది 1964 లో వచ్చిన యు ఓన్లీ లివ్ ట్వైస్ నవల చివర్లో. బాండ్ చనిపోయాడు అనుకుని ఆయన బాస్ ఎమ్, టైమ్స్ పేపర్ కి సంతాప వ్యాసం రాస్తాడు, బాండ్ పుట్టుపూర్వోత్తరాలు ఒకేచోట వరసగా దొరికేది అక్కడే. తండ్రి ఆండ్రూ బాండ్ స్కాట్లండ్ వాడు, వికర్స్ అనే ఆయుధాల కంపెనీకి పనిచేసేవాడు, తల్లి మోనీక్ డెలాక్రోయ్ స్విట్జర్లాండ్ ఆవిడ, బాండ్ కి 11 ఏళ్ళప్పుడు ఇద్దరూ పర్వతారోహణలో పడి చనిపోతారు, పిన్నో అత్తో చార్మియన్ అనే ఆవిడ పెంచుతుంది, ఈటన్ స్కూల్లోంచి పంపించేస్తే ఫెట్స్ లో చదువుతాడు, 17 ఏళ్ళకి చదువు అయిపోతుంది. 1941 లో తన వయసు 19 అని అబద్ధం చెప్పి, తండ్రి పాత కొలీగ్ ఒకాయన సాయంతో, తర్వాత రోజుల్లో రక్షణ శాఖలో భాగమైన ఒక విభాగంలో చేరతాడు. చేసేది రహస్యమైన పని కాబట్టి దానికి కుదిరేలా వాలంటీర్ రిజర్వ్ స్పెషల్ బ్రాంచ్ లో లెఫ్టినెంట్ ర్యాంకు ఇచ్చారు, పై అధికారులు ఆయన పనికి ఎంత మెచ్చుకున్నారంటే యుద్ధం అయ్యేసరికి కమాండర్ అయ్యాడు అని ఎమ్ రాస్తాడు.

ఇందులో ముందు పని వచ్చింది, తర్వాత ర్యాంకు వచ్చింది, అది గమనించండి. నేవీలో చేరి అక్కణ్ణుంచి సీక్రెట్ సర్వీసుకి వెళ్ళలేదు, సీక్రెట్ సర్వీసు పనిలో చేరితే పైన నేవీ కోటు తొడిగారు. మీరు అడిగిన నేవీ వాడు ఎమ్ఐ6 లోకి ఎలా వచ్చాడు అనే ప్రశ్నకి ఇదే జవాబు, వరస తిరగేసి చూడాలి. అలా కోటు ఎందుకు తొడుగుతారంటే, యుద్ధంలో సివిలియన్ వచ్చి ఒక కెప్టెన్ ని ఈ ఫైలు ఇవ్వండి, ఈ బోటు కావాలి అంటే ఎవడు వింటాడు, ర్యాంకు ఉంటేనే తలుపులు తెరుచుకుంటాయి, జీతం ఏ పద్దులో ఇవ్వాలో ఆఫీసుకి తెలుస్తుంది, శత్రువుకి దొరికితే కనీసం యూనిఫామ్ ఉంది కాబట్టి యుద్ధ ఖైదీగా చూడండి అని అడగొచ్చు.

ఇక ఆ వయసు లెక్క చూస్తే నేవీలో చేసిన ఎవడికైనా నవ్వొస్తుంది. 1941 లో 17 అంటే 1945 లో 21. ఇరవై ఒక్క ఏళ్ళకి కమాండర్! అప్పటి రాయల్ నేవీలో మామూలు రోజుల్లో లెఫ్టినెంట్ నుంచి లెఫ్టినెంట్ కమాండర్ అవ్వాలంటేనే 8 ఏళ్ళ సీనియారిటీ కావాలి, ఆ పైన కమాండర్ అనేది సెలెక్షన్ మీద వచ్చేది, చాలామంది అది రాకుండానే ఇంటికి వెళ్ళిపోతారు. యుద్ధంలో తాత్కాలిక ర్యాంకులు తొందరగా ఇచ్చేవాళ్ళు, నిజమే, కానీ 21 ఏళ్ళ కుర్రాడికి మూడు పట్టీలు అంటే వార్డ్‌రూమ్ లో, అంటే షిప్పులో ఆఫీసర్లు కూర్చునే గదిలో, ఒక్కడు కూడా నమ్మడు.

అసలు ఫ్లెమింగే ముందు ఇలా రాయలేదు. 1953 లో వచ్చిన మొదటి నవల కాసినో రాయల్ లో బాండ్ తన బెంట్లీ కారు 1933 లో కొన్నాడు అని ఉంటుంది, సంతాప వ్యాసం లెక్కన అప్పటికి ఆయనకి 9 ఏళ్ళు. 1955 లో వచ్చిన మూన్‌రేకర్ లో డబుల్ ఓ సెక్షన్ (చంపడానికి అనుమతి ఉన్న ఏజెంట్ల విభాగం) నుంచి 45 కి రిటైర్ అవ్వాలి, ఇంకా 8 ఏళ్ళు ఉంది అనుకుంటాడు, అంటే 37. 1957 నాటి ఫ్రమ్ రష్యా విత్ లవ్ లో రష్యా వాళ్ళు తెరిచిన ఫైల్లో 1938 నుంచే బ్రిటిష్ సీక్రెట్ సర్వీసులో ఉన్నాడని రాసి ఉంటుంది. ఈ పాత లెక్కల ప్రకారం యుద్ధం అయ్యేసరికి 27, 28 ఏళ్ళు, అప్పుడు కూడా కమాండర్ అంటే బాగా చిన్న వయసే గానీ యుద్ధకాలం కాబట్టి సరిపెట్టుకోవచ్చు. తర్వాత ఏమైందంటే నవలలు ఏళ్ళ తరబడి నడిచాయి, బాండ్ మాత్రం ముసలాడు అవ్వకూడదు, అందుకని పుట్టిన ఏడాదిని ముందుకి జరిపాడు, మన హీరోలకి వికీపీడియాలో వయసు తగ్గినట్టే. కాకపోతే కమాండర్ ర్యాంకుని మాత్రం వదులుకోలేకపోయాడు.

ఎందుకు వదులుకోలేదంటే ఆ ర్యాంకు ఫ్లెమింగ్ ది.

ఇయాన్ ఫ్లెమింగ్ 1908 లో పుట్టాడు. తండ్రి ఆర్మీ మేజర్, 1917 లో ఫ్రాన్స్ లో యుద్ధంలో చనిపోయాడు, టైమ్స్ పేపర్లో ఆయన సంతాప వ్యాసం రాసింది చర్చిల్, దాని కాపీ ఫ్రేమ్ కట్టించి కొడుకు జీవితాంతం దగ్గర పెట్టుకున్నాడు. బాండ్ జీవితం మొత్తం టైమ్స్ సంతాప వ్యాసం రూపంలోనే ఎందుకు రాశాడు అనేదానికి నాకైతే ఇదే కారణం అనిపిస్తుంది. ఇంకో తమాషా, ఈయన్ని కుర్రతనంలో శాండ్‌హర్స్ట్ ఆర్మీ అకాడమీలో వేస్తే ఆఫీసర్ అవ్వకుండానే బయటకొచ్చేశాడు. తర్వాత రాయిటర్స్ లో జర్నలిస్టు, ఆ తర్వాత లండన్ లో స్టాక్ బ్రోకర్, అది కూడా పెద్ద గొప్పగా ఏం చెయ్యలేదు. 1939 లో నేవల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ గా వచ్చిన రియర్ అడ్మిరల్ జాన్ గాడ్‌ఫ్రీ తనకి ఒక పర్సనల్ అసిస్టెంట్ కావాలని వెతుక్కుంటూ ఈయన్ని పట్టుకున్నాడు. ఇచ్చిన కమిషన్ ఏంటో తెలుసా, వాలంటీర్ రిజర్వ్, స్పెషల్ బ్రాంచ్, లెఫ్టినెంట్. కొన్నాళ్ళకి లెఫ్టినెంట్ కమాండర్, తర్వాత కమాండర్. బాండ్ రికార్డుతో పక్కపక్కన పెట్టి చూస్కోండి, మక్కీకి మక్కీ. తేడా ఒక్కటే, ఫ్లెమింగ్ చేరేసరికి ఆయనకి 31.

ఈయన కూర్చునేది అడ్మిరల్టీ బిల్డింగ్ లో రూమ్ 39. కిటికీలోంచి చూస్తే హార్స్ గార్డ్స్ పరేడ్ మైదానం, ప్రధానమంత్రి ఇంటి పెరడు కనపడతాయి. పక్క గది అడ్మిరల్ ది. ఫ్లెమింగ్ పని ఏంటంటే అడ్మిరల్ కి వేరే డిపార్ట్‌మెంట్లతో ఉండే వ్యవహారాలు చక్కబెట్టడం, సీక్రెట్ సర్వీసుతో, కోడ్లు విప్పే బ్లెచ్లీ పార్క్ తో మాట్లాడ్డం, ఇంకా కొత్త కొత్త ఐడియాలు రాసి పెట్టడం. ఈ ఐడియాల పనిలో మాత్రం మనిషి మహా దిట్ట. 1939 సెప్టెంబర్ లో గాడ్‌ఫ్రీ పేరు మీద ఒక మెమో తిరిగింది, శత్రువుని మోసం చెయ్యడం చేపకి ఎర వెయ్యడం లాంటిది అంటూ వరసగా ఎత్తులు రాసి ఉన్న మెమో, దాన్ని రాసింది ఫ్లెమింగే అని చాలామంది చరిత్రకారులు అనుకుంటారు. అందులో ఒకటి, దొంగ కాగితాలు జేబులో పెట్టిన శవాన్ని శత్రువుకి దొరికేట్టు వదలడం. 1943 లో స్పెయిన్ తీరంలో మేజర్ మార్టిన్ అనే లేని మనిషి పేరుతో ఒక శవాన్ని వదిలి జర్మన్లని నిజంగానే బోల్తా కొట్టించారు, ఆపరేషన్ మిన్స్‌మీట్ అంటారు. దాన్ని నడిపిన ఇద్దరిలో ఒకడు ఈవెన్ మాంటెగ్యు, ఆయన కూడా వాలంటీర్ రిజర్వ్ ఆఫీసరే, వృత్తి లాయరు. చూశారా, వంకర పట్టీల వాళ్ళ నేవీ ఎలాంటిదో.

ఫ్లెమింగ్ సొంత ప్లాన్లలో నాకు బాగా ఇష్టమైంది ఆపరేషన్ రూత్‌లెస్, 1940 సెప్టెంబర్ ది. జర్మన్ నేవీ ఎనిగ్మా కోడ్ పుస్తకాలు దొరక్క బ్లెచ్లీ వాళ్ళు తల పట్టుకు కూర్చున్నారు. ఈయన రాసిన ప్లాన్ ఏంటంటే, పట్టుకున్న జర్మన్ బాంబర్ విమానం ఒకటి తీసుకుని, బ్రిటిష్ వాళ్ళకి జర్మన్ ఎయిర్‌ఫోర్స్ యూనిఫామ్ లు వేసి, ఇంగ్లిష్ ఛానల్లో కావాలనే కూల్చేసి, కాపాడ్డానికి వచ్చే జర్మన్ బోటు ఎక్కగానే అందులో వాళ్ళని చంపేసి, కోడ్ పుస్తకాలతో సహా బోటుని ఇంగ్లండ్ కి పట్టుకొచ్చేయ్యడం. పైలట్ ఎలాంటివాడు కావాలో కూడా రాశాడు, గట్టివాడు, పెళ్ళి కానివాడు, ఈత వచ్చినవాడు అని. కాసినో రాయల్ రాయడానికి ఇంకా 12 ఏళ్ళు ఉంది, కానీ బాండ్ ఉద్యోగానికి నోటిఫికేషన్ అప్పుడే పడిపోయింది! విమానం దొరికింది, మనుషులు సిద్ధమయ్యారు, తీరా చూస్తే పట్టుకోడానికి తగ్గ జర్మన్ బోటు ఆ చుట్టుపక్కల రాలేదు, అక్టోబర్ లో ప్లాన్ మూలన పడేశారు.

ఈ ఆపరేషన్ కి తనే వెళ్తానన్నాడట గానీ వెళ్ళనివ్వలేదు, ఎందుకంటే అన్ని రహస్యాలు తెలిసిన మనిషి శత్రువు చేతికి దొరికితే కొంప మునుగుతుంది. 1942 ఆగస్టులో ఫ్రాన్స్ తీరంలోని డియెప్ మీద దాడికి తను తయారు చేయించిన కమాండో దళం వెళ్తే, ఈయన్ని హెచ్ఎమ్ఎస్ ఫెర్నీ అనే డిస్ట్రాయర్ మీద నుంచి చూడమన్నారు, దిగడానికి లేదు. ఆ దళం పేరు తర్వాత 30 అసాల్ట్ యూనిట్ అయింది, 1941 లో క్రీట్ మీద పడ్డప్పుడు జర్మన్లు ముందు వరసలో వెళ్ళి ఫైళ్ళు, కోడ్లు ఎత్తుకొచ్చేసిన పద్ధతి చూసి మనకీ ఇలాంటి దళం కావాలి అని ఈయన పట్టుబట్టి పెట్టించింది. యుద్ధం చివర్లో జర్మన్ నేవీ పాత రికార్డులు మొత్తం టాంబాఖ్ కోటలో దొరికాయి, వాటిని తీసుకొచ్చిన పనిలో వీళ్ళ పాత్ర ఉంది. అంటే ఎదురుగా యుద్ధం, చేతిలో ఫైలు, కాలు మాత్రం బయట పెట్టకూడదు, ఆరేళ్ళు ఇదే పరిస్థితి. కుర్చీలో కూర్చుని పక్కవాళ్ళని పంపిన మనిషి 1952 మొదట్లో జమైకాలో టైప్‌రైటర్ ముందు కూర్చుని, తన ర్యాంకే ఉన్న ఒకణ్ణి తయారు చేసి, తనని వెళ్ళనివ్వని చోట్లకల్లా వాణ్ణి పంపాడు. నేను బాండ్ నేవీ నేపథ్యాన్ని చూసేది ఇలాగే. జమైకా ఇంటికి పెట్టుకున్న పేరు గోల్డెన్‌ఐ కూడా యుద్ధంలో స్పెయిన్, జిబ్రాల్టర్ కోసం తను చూసిన ఆపరేషన్ పేరే, ఆ దీవిని మొదట చూసింది కూడా 1942 లో కింగ్‌స్టన్ లో జరిగిన నేవీ కాన్ఫరెన్సుకి వెళ్ళినప్పుడే.

ఇంక సీక్రెట్ సర్వీసు ఛీఫ్ ని అడ్మిరల్ గా ఎందుకు పెట్టాడు, ఆర్మీ జనరల్ ని పెట్టొచ్చుగా అని అడగొచ్చు. దానికి చరిత్ర ఉంది. 1909 లో ఈ సర్వీసు పెట్టినప్పుడు మొదటి ఛీఫ్ మాన్స్‌ఫీల్డ్ కమ్మింగ్ నేవీ ఆఫీసరే, ఆకుపచ్చ సిరాతో సి అని ఒక్క అక్షరం సంతకం పెట్టేవాడు. ఆయన నేవీ యాక్టివ్ సర్వీసు నుంచి ఎందుకు బయటకొచ్చాడో తెలిస్తే నవ్వాగదు, సముద్రం పడక, ఎక్కితే వాంతులు! ఆయన తర్వాత 1923 నుంచి 1939 దాకా ఛీఫ్ అడ్మిరల్ హ్యూ సింక్లెయిర్, అంతకుముందు నేవల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ గా చేసినవాడే. అంటే 30 ఏళ్ళు ఆ కుర్చీ నేవీ వాళ్ళదే. ఫ్లెమింగ్ నవలలు రాసే టైముకి నిజం ఛీఫ్ ఆర్మీ మేజర్ జనరల్, ఆయన తర్వాత దేశం లోపలి భద్రత చూసే ఎమ్ఐ5 నుంచి వచ్చినాయన, కానీ ఫ్లెమింగ్ మనసులో బాస్ అంటే అడ్మిరలే.

ఆ బాస్ ఎమ్ అసలు పేరు అడ్మిరల్ సర్ మైల్స్ మెసర్వీ, అది ఆఖరి నవలలో గానీ చెప్పడు. నేవీ వాసన కావాలంటే బాండ్ లో వెతకొద్దు, ఎమ్ లో చూడండి. 1963 నాటి ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్ లో బాండ్ క్రిస్మస్ భోజనానికి ఎమ్ ఇంటికి వెళ్తాడు, ఇంటి పేరు క్వార్టర్‌డెక్, గుమ్మం దగ్గర రిపల్స్ అనే పాత యుద్ధనౌక గంట, పనివాడు ఒకప్పటి ఛీఫ్ పెట్టీ ఆఫీసర్ హామండ్. రిటైర్ అయినా షిప్పు దిగని మనుషులు ఉంటారు, మా విశాఖలో వీధికి ఇద్దరు దొరుకుతారు, ఇంట్లో కిచెన్ ని గ్యాలీ అంటారు, ఆ సీన్ చదివితే అలాంటి ఒకాయన ఇంటికి వెళ్ళొచ్చినట్టే ఉంటుంది. ఎమ్ ఆఖరుగా నడిపిన షిప్పు రిపల్స్ అని ఫ్లెమింగ్ రాశాడు. నిజం గాడ్‌ఫ్రీ కూడా ఇంటెలిజెన్స్ డైరెక్టర్ అవ్వడానికి ముందు నడిపింది బ్యాటిల్ క్రూయిజర్ హెచ్ఎమ్ఎస్ రిపల్స్ నే. 1941 డిసెంబర్ 10 న మలయా తీరంలో జపాన్ విమానాలు ముంచేసిన రిపల్స్ అదే. ఇంతకంటే క్లూ ఏం కావాలి. తనని ఎమ్ గా చూపించడం గాడ్‌ఫ్రీకి ఏమంత నచ్చలేదనే చెప్తారు.

గాడ్‌ఫ్రీ గురించి మనవాళ్ళకి తెలియాల్సింది ఇంకోటుంది, ఇది బాండ్ ఫ్యాన్స్ కూడా పెద్దగా మాట్లాడుకోరు. లండన్ లో పై వాళ్ళతో పడక ఆయన్ని 1942 చివర్లో ఆ పోస్టు నుంచి తీసేసి ఎక్కడికి పంపారో తెలుసా, ఇండియాకి, రాయల్ ఇండియన్ నేవీ అధిపతిగా. 1946 ఫిబ్రవరి 18 న బొంబాయిలో హెచ్ఎమ్ఐఎస్ తల్వార్ అనే సిగ్నల్ స్కూల్లో మన రేటింగ్స్, అంటే ఆఫీసర్లు కాని మామూలు సెయిలర్లు, తిండి బాగాలేదని, ఆఫీసర్లు నోటికొచ్చినట్టు తిడుతున్నారని సమ్మె మొదలెట్టి, అది కరాచీ, మద్రాసు, విశాఖ దాకా పాకిందే, ఆ తిరుగుబాటు అప్పుడు పైన కూర్చున్నది ఈయనే. రేడియోలో మాట్లాడుతూ, నేవీ మొత్తం నాశనమైనా సరే లొంగదీస్తాం అనే అర్థం వచ్చేట్టు బెదిరించింది ఈయనే. సినిమాలో ఎమ్ ముఖం చిట్లించుకుని బాండ్ ని తిడుతుంటే హాల్లో అందరూ నవ్వుతారు, నాకు మాత్రం తల్వార్ కుర్రాళ్ళు గుర్తొస్తారు. ఫ్లెమింగ్ కి మంచి బాసే అయ్యుండొచ్చు, ఒక మనిషి ఒకచోట మంచి బాసు, ఇంకోచోట ఇలా.

మరి పుస్తకాల్లో బాండ్ కి సముద్రం రాదా అంటే, వస్తుంది, కానీ నీళ్ళ పైన కాదు, నీళ్ళ కింద. 1954 నాటి లివ్ అండ్ లెట్ డై లో రాత్రి పూట ఒంటరిగా ఈదుకుంటూ వెళ్ళి విలన్ బోటు అడుగున లింపెట్ మైన్ అంటిస్తాడు, థండర్‌బాల్ లో నీళ్ళ కింద పెద్ద కొట్లాటే ఉంది. ఇది కూడా యుద్ధంలో వాలంటీర్ రిజర్వ్ వాళ్ళు నిజంగా చేసిన పని. జిబ్రాల్టర్ లో ఇటాలియన్ డైవర్లు బ్రిటిష్ షిప్పుల అడుగున మైన్లు అంటించి పోతుంటే, వాటిని పీకే పనిలో పేరు తెచ్చుకున్నాడు లయొనెల్ క్రాబ్ అని, ఆయన కూడా ఈ రిజర్వ్ మనిషే. ఎదురుగా స్పెయిన్ రేవులో ఓల్టెర్రా అనే షిప్పు అమాయకంగా కట్టేసి ఉండేది, దాని అడుగున దొంగ తలుపు పెట్టి డైవర్లని పంపేవాళ్ళు ఇటాలియన్లు. థండర్‌బాల్ లో విలన్ పడవకి అడుగున తలుపు చదవగానే ఇది గుర్తురాకపోతే అడగండి. పాపం క్రాబ్ 1956 లో క్రుశ్చేవ్ వచ్చిన రష్యన్ క్రూయిజర్ కింద చూసొస్తానని పోర్ట్స్‌మత్ హార్బర్లో దిగి మళ్ళీ రాలేదు. లివ్ అండ్ లెట్ డై లోనే జమైకాలో బాండ్ కి సాయం చేసే స్ట్రాంగ్‌వేస్ ఉంటాడు, కంటికి నల్ల గుడ్డ కట్టుకుని, ఆయనా మాజీ వాలంటీర్ రిజర్వ్ స్పెషల్ బ్రాంచే. ఫ్లెమింగ్ కి తెలిసిన ప్రపంచం అది, ఎవణ్ణి కదిపినా అదే ఆఫీసు.

ఇప్పుడు సినిమాలు. మీకు వచ్చిన డౌటు అంతా సినిమాల వల్లే. 1967 లో యు ఓన్లీ లివ్ ట్వైస్ లో షాన్ కానరీ, 1977 లో ద స్పై హూ లవ్డ్ మీ లో రోజర్ మూర్, 1997 లో టుమారో నెవర్ డైస్ లో పియర్స్ బ్రాస్నన్, ముగ్గురూ కమాండర్ యూనిఫామ్ లో కనపడతారు, ముగ్గురికీ పట్టీలు తిన్నగానే ఉంటాయి. అంటే సినిమా వాళ్ళ లెక్కలో ఈయన పక్కా రెగ్యులర్ రాయల్ నేవీ. వాళ్ళని తప్పు పట్టడానికి కూడా లేదు లెండి, 1950 ల మొదట్లోనే ఆ వంకర పట్టీలు తీసేశారు, 1958 లో వాలంటీర్ రిజర్వ్ నే మామూలు రిజర్వ్ లో కలిపేశారు, 1967 లో వంకర పట్టీ వేస్తే చూసేవాళ్ళకి అదేంటో తెలీదు. 1977 సినిమాలో అయితే పట్టుబడ్డ సబ్‌మెరైన్ల సిబ్బందిని వెంటేసుకుని బాండ్ యుద్ధమే చేస్తాడు, మిసైల్ విప్పుతాడు, ఏం కావాలంటే అది చేస్తాడు. సబ్‌మెరైన్ కమాండర్ అనే మాట అక్కణ్ణుంచే వచ్చుంటుంది. సినిమాగా నాకూ ఇష్టమే, కానీ నవలలో బాండ్ ని అలాంటి కంట్రోల్ రూమ్ లో నిలబెడితే ఏ మీట ఏంటో పక్కవాణ్ణి అడగాల్సిందే.

నటుల్లో నిజంగా నేవీలో చేసినవాడు కానరీ, కుర్రతనంలో రాయల్ నేవీలో చేరి, 19 ఏళ్ళకి కడుపులో అల్సర్ వల్ల బయటకొచ్చేశాడు. ఆఫీసర్ కాదు, మామూలు సెయిలర్, చేతి మీద పచ్చబొట్లు కూడా అప్పటివే, ఒకటి అమ్మానాన్నల పేరున, ఒకటి స్కాట్లండ్ పేరున. నేవీలో లోయర్ డెక్ మనిషి తెర మీద కమాండర్ గా సెల్యూట్ కొట్టించుకోవడం మాలాంటి వాళ్ళకి ఎంత ఆనందమో చెప్పలేను. ఇక డేనియల్ క్రెయిగ్ కి 2021 సెప్టెంబర్ లో రాయల్ నేవీ వాళ్ళే గౌరవ కమాండర్ ర్యాంకు ఇచ్చారు, తర్వాతి న్యూ ఇయర్ ఆనర్స్ లో సీఎమ్జీ అనే బిరుదు కూడా వచ్చింది, నవల్లో బాండ్ కి ఉన్న బిరుదు కూడా సరిగ్గా అదే. అది సైనిక పతకం కాదు, మామూలుగా విదేశాంగ శాఖ వాళ్ళకి, రాయబారులకి ఇచ్చేది. బాండ్ ది అసలు ఏ ఆఫీసో ఆ బిరుదే చెప్పేస్తుంది.

చివరగా ఒకళ్ళు కామెంట్లో అడిగారు, యుద్ధం 1945 లో అయిపోయింది, ఆ తర్వాత ఆయన సివిల్ ఉద్యోగే కదా, ఇంకా కమాండర్ అని ఎలా పిలుస్తారు అని. మూన్‌రేకర్ లో ఆయన జీతం ఏడాదికి 1500 పౌండ్లు, సివిల్ సర్వీసులో ప్రిన్సిపల్ ఆఫీసర్ తో సమానం అని రాసే ఉంటుంది, కాబట్టి సివిల్ ఉద్యోగే, ఆ మాట నిజం. కానీ బ్రిటన్ లో సీనియర్ ఆఫీసర్లు సర్వీసు వదిలాక కూడా ర్యాంకుని పేరు ముందు పెట్టుకోవడం మామూలే, మన దగ్గర కూడా గేటు మీద కమాండర్ ఫలానా, పక్కన బ్రాకెట్లో రిటైర్డ్ అని బోర్డులు చూస్తూనే ఉంటాం. చదవాలనుకుంటే మూన్‌రేకర్ మొదటి అధ్యాయాలు, ఎమ్ ఇంట్లో క్రిస్మస్ భోజనం, ఆ సంతాప వ్యాసం, ఈ మూడూ చాలు, ఆఫీసు ఉద్యోగిగా బాండ్ సోమవారం పొద్దున ఫైళ్ళు చూసుకుంటూ విసుక్కోవడం మూన్‌రేకర్ లో ఉన్నంత బాగా ఇంకెక్కడా లేదు. పుట్టిన సంవత్సరం మాత్రం ఏ పుస్తకానికి ఆ పుస్తకం లెక్కే తీసుకోండి, అన్నీ కలిపి కూడితే తేలదు.